వేడిని తోడెడి యంత్రము



నేడు నేను చెప్పబూనిన కథ మన దేశమున పుట్టినది కాదు. శీతకాలమున చెఱువులు గడ్డకట్టి, ఇంటి కప్పులపై మంచు మోకాలిలోతు పేరుకొను దేశములలో పుట్టినది. అచ్చట ఇల్లు వెచ్చగా నుంచుకొనుట భోగము కాదు, ప్రాణరక్షణము. చేతనున్న సొమ్ము తిండికి పెట్టుదుమా, వెచ్చదనమునకు పెట్టుదుమా యని చలి నెలలలో బీద కుటుంబములు లెక్క చూచుకొనుట ధనిక దేశములని పేరొందిన చోట్లను కలదు. అనాదిగా వారు కట్టెలు కాల్చిరి; పిదప బొగ్గు కాల్చిరి; ఆ పిదప చమురును గ్యాసును కాల్చిరి. కాల్చనిదే వేడి లేదని నమ్మిరి.

ఇపుడు ఆ దేశములలో అనేక గృహముల వెలుపల, గోడ ప్రక్కను, మన పట్టణములలో ఏ.సీ. యంత్రమునకు వెలుపల బిగించు పెట్టె వంటి పెట్టె యొకటి కానవచ్చుచున్నది. దానిలో నిప్పు లేదు, పొగ లేదు, పొగగొట్టము లేదు. మంచు కురియుచుండగా అది ఆ చలిగాలినుండియే వేడిని తీసి ఇంటిలోనికి పంపును. దీనిని హీటు పంపు అందురు. వేడిని తోడెడి యంత్రమని నేను తెలుగు చేసికొన్నాను. స్వీడను దేశమున నుద్యోగము చేయుచున్న నా పూర్వశిష్యు డొకడు, తన యింటి యంత్రము ఒక యూనిటు కరెంటు పుచ్చుకొని మూడు యూనిట్ల వేడి నిచ్చుచున్నదని నాకు చెప్పెను.

ఒకటి యిచ్చి మూడు పుచ్చుకొనుట యన్న మాట వినగానే అనుభవజ్ఞులైన మీబోంట్లు నవ్వుదురు. రూపాయికి మూడు రూపాయలు చేసి యిత్తునని ఊరిలోనికి వచ్చినవారిని మనము కొందఱిని చూచియే యున్నాము. ఈ యంత్రము అట్టిది కాదు. ఎట్లు కాదో తెలియుటకు దాని చరిత్రయే మంచి దారి. రాజులను గూర్చియు యుద్ధములను గూర్చియు మన చరిత్రకారులు వేల పుటలు వ్రాసిరి. పొయ్యిని గూర్చి వ్రాసినవారు తక్కువ.

ముందుగా మీకు తెలిసిన ఏతమును తలచుకొనుడు. ఏతము త్రొక్కువాడు నీటిని సృష్టింపడు. నీరు బావిలో ముందే యున్నది; వాని శ్రమ దానిని మీదికి తెచ్చుటకే. లోతు తక్కువైన బావినుండి ఒక పూటలో మడి తడుపవచ్చును. లోతు పెరిగినకొలది అదే శ్రమకు వచ్చు నీరు తగ్గిపోవును. మోటకు కట్టిన ఎద్దులు తిన్న మేతకంటె వచ్చిన నీటి బరు వెక్కువ గనుక ఇది మోసమని యెవ్వడును అనడు. హీటు పంపు వేడికి ఏతము. కరెంటు ఎద్దుల మేత వంటిది. వెలుపలి గాలిలోనో, నేలలోనో, నదిలోనో ఉన్న వేడి బావినీటి వంటిది. మూడు యూనిట్ల వేడిలో రెండు వెలుపలినుండి తోడబడినవి. ఒక్కటి మాత్రమే కరెంటునుండి వచ్చినది. లెక్క సరిపోయినది.

మంచుగాలిలో వేడి యెక్కడిది? తర్కశాస్త్రము చదివినవారికి ఈ శంక మఱింత బలముగా కలుగును. నేను బాల్యమున గురువుగారి యొద్ద తర్కసంగ్రహము వల్లించినవాడను. అందు స్పర్శము మూడు విధములుగా చెప్పబడినది: శీతము, ఉష్ణము, రెండును గానిది. శీతము నీటి గుణము. ఉష్ణము తేజస్సు గుణము. అనగా చలియు వేడివలెనే ఒక సొంత గుణము. చేతితో తాకి చూచు మనుష్యునకు అది సరియైన మాటయే. కాని ఉష్ణమాపకముతో కొలిచినవారు చలి యను వేఱు గుణము లేదని, వేడి తగ్గుటకే చలి యని పేరని తేల్చిరి. నీరు గడ్డకట్టు స్థానమును సెంటిగ్రేడు లెక్కలో సున్న యందురు. దిగుటకు వీలు లేని అట్టడుగు స్థానము అంతకు 273 డిగ్రీలు దిగువను కలదు. కావున సున్న డిగ్రీల గాలి ఎండిపోయిన బావి కాదు. నీటిమట్టము కొంచెము దిగిన బావి మాత్రమే.

ఐతే వేడి తనంతట తాను పల్లమునకే, అనగా వెచ్చని చోటునుండి చల్లని చోటునకే పాఱును. దానిని ఎగువకు తోడు ఉపాయమేమి? సగము ఉపాయము మీ యింటి కూజాలోనే యున్నది. వేసవిలో మట్టికూజాలోని నీరు చల్లబడుట ఏల? కూజా వెలుపలికి ఊఱిన చెమ్మ ఆవిరి యగుచు, అందులకు వలసిన వేడిని లోని నీటినుండి లాగికొనును. వైద్యుడు సూది వేయుటకు ముందు స్పిరిటు రాచిన చోట చల్లగా తోచుటకును ఇదియే హేతువు. ద్రవము ఆవిరి యగునపుడు వేడిని మ్రింగును; ఆ యావిరి మరల ద్రవమగునపుడు మ్రింగిన వేడిని విడుచును.

స్కాట్లండు దేశపు వైద్యాచార్యుడు విలియము కల్లెను అను నాతడు, గాలి తీసివేసిన పాత్రలో ఈథరు అను ద్రవమును ఆవిరి చేసి మంచు పుట్టించి, ఆ విషయమును 1756లో వ్యాసముగా ప్రకటించెను. ఆయన శిష్యుడు జోసెఫు బ్లాకు, ఆవిరిలో చేరిన వేడి ఉష్ణమాపకమునకు అందక దాగియుండునని గ్లాస్గో విశ్వవిద్యాలయమున కొలిచి చూపెను. మన పాఠ్యగ్రంథములలో దీనికి గుప్తోష్ణ మని పేరు పెట్టిరి, చక్కని పేరు.

తక్కిన సగము ఉపాయము సైకిలు పంపులో నున్నది. చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు క్రిందిభాగము వేడెక్కుట బాలుర కందఱకు తెలిసినదే. వాయువును నొక్కినచో వేడెక్కును. ఒత్తిడి సడలించినచో చల్లబడును. ఈ రెండుపాయములను కూర్చి, లండనులో నివసించుచుండిన జేకబు పెర్కిన్సు అను అమెరికా దేశీయుడు 1834లో ఒక యంత్రమునకు పేటెంటు హక్కు పొందెను. నేటి గృహములలోని హీటు పంపు దాని సంతతియే. మూసిన గొట్టములలో, మిక్కిలి తక్కువ వేడికే మరుగు ద్రవ మొకటి తిరుగుచుండును. నేడు కొన్ని యంత్రములలో వాడుచున్న ప్రొపేను, సామాన్యపు ఒత్తిడిలో సున్నకు 42 డిగ్రీలు దిగువననే మరుగును. అట్టి ద్రవమునకు మంచుగాలియే పొయ్యి. వెలుపలి పెట్టెలో అది ఆ గాలి వేడిని మ్రింగి ఆవిరియై కంప్రెసరులోనికి వచ్చును. కరెంటు ఖర్చు ప్రధానముగా ఇచ్చటనే. కంప్రెసరు ఆ యావిరిని నొక్కి బాగుగా వేడెక్కించును. అది ఇంటి గొట్టములలోని నీటికో, గదిలోని గాలికో వేడి నప్పగించి మరల ద్రవమగును. పిదప ఇఱుకు రంధ్రము గుండ జాఱి, ఒత్తిడి తగ్గి, చల్లబడి, మరల వెలుపలికి పోవును. యంత్రమంతయు ఇంతే.

దీనిని మనుష్యుడు మొదట వాడుకొన్నది వేడికి కాదు, చల్లదనమునకు. కట్టెల మోపు కొన్న వేడి దొరకును. మండుటెండలలో మంచుగడ్డ ఎక్కడ దొరకును? ఫ్రెడెరికు ట్యూడరు అను అమెరికా వర్తకుడు బోస్టను ప్రాంతపు చెఱువులలో గడ్డకట్టిన నీటిని కోయించి, ఱంపపు పొట్టులో పొదిగి, ఓడల మీద దూరదేశములకు పంపెను. 1833లో ఆ మంచు కలకత్తాకు చేరెను. మదరాసు సముద్రతీరమున దానిని నిలువజేయుటకు 1842లో కట్టిన భవనము నేటికిని నిలిచియున్నది. 1897లో వివేకానందస్వామి అందు బస చేయుటచే ఇపుడది ఆయన పేరనే ప్రసిద్ధము. ఉమ్మడి మదరాసు రాష్ట్రమున ఆ నగరమునకు చదువులకై పోయిన మన తాతల తరమువారు ఐసు హౌసు అను పేరు ఎఱుగుదురు. మంచు చేయు యంత్రములు వచ్చిన పిదప ఆ ఓడల వర్తకము కరగిపోయినది.

ఆ మంచు యంత్రము చేయునదేమి? ఒక ప్రక్క వేడిని తోడి మఱియొక ప్రక్క పాఱబోయును. మీ యింట ఫ్రిజ్ ఉన్నచో దాని వెనుకనో ప్రక్కనో చేయి పెట్టి చూడుడు, వెచ్చగా నుండును. లోకము ఆ వేడిని తౌడు వలె పాఱవైచుచుండగా, ఆ తౌడే బియ్యమని చూచినవాడు విలియము థామ్సను.

ఆయనకు దారి చూపినది సాదీ కార్నో అను ఫ్రెంచి దేశీయుడు 1824లో ప్రకటించిన చిన్న పుస్తకము. దానిని ఆ కాలమున చదివినవారు స్వల్పము. కార్నో 1832లో, 36వ యేట, కలరాచే మరణించెను. నీటిచక్రము పైనుండి పడు నీటిచే తిరుగునట్లు, ఆవిరియంత్రము వేడి ఎత్తునుండి పల్లమునకు దిగుటచే నడచుననియు, ఆ యెత్తుపల్లముల తేడాయే దాని శక్తికి మేర యనియు ఆతడు చెప్పెను. చక్రమును వెనుకకు త్రిప్పినచో నీరు మీదికెక్కదా? అట్లే యంత్రమును తలక్రిందుగా నడపినచో వేడియు మీదికెక్కును.

కార్నో పుస్తకము వెలువడిన యేటనే బెల్‌ఫాస్టు నగరమున థామ్సను పుట్టెను. 22వ యేటనే గ్లాస్గోలో ఆచార్యుడాయెను. తరువాతి కాలమున లార్డు కెల్విను అని బిరుదు పొందినవా డితడే. శాస్త్రజ్ఞులు నేడు వేడిని కొలుచు మానమునకు ఈయన పేరే పెట్టిరి. 1852లో ఈయన, భవనములను గాలి ప్రవాహములచే వెచ్చబఱచుటలోను చల్లబఱచుటలోను గల పొదుపును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. ఉష్ణదేశములలో గదులు చల్లబఱచు యంత్రమును గూర్చి స్కాట్లండు రాజఖగోళశాస్త్రజ్ఞుడు పియాజీ స్మితు అంతకు కొలది యేండ్ల ముందే ప్రతిపాదించియుండెను. థామ్సను ఆ ప్రశ్ననే అటునిటు త్రిప్పి చూచెను. చల్లబఱచు యంత్రమును వెచ్చబఱచుటకేల వాడరాదు?

ఆయన తలచిన యంత్రములో ద్రవము లేదు, గాలియే పాత్రధారి. వెలుపలి గాలిని ఒక సిలిండరులోనికి తీసి వ్యాకోచింపజేయవలయును. అపుడది వెలుపలి చలికంటెను చల్లబడును. దానిని వెలుపల నుంచిన గొట్టములగుండ పోనిచ్చినచో, ఆ చలిలోనే అది కొంత వేడి సంపాదించుకొనును. పిదప రెండవ సిలిండరున దానిని మొదటి ఒత్తిడికి నొక్కినచో, వెచ్చని గాలియై గదిలోనికి వచ్చును. ఫారన్‌హీటు లెక్కలో 50 డిగ్రీల గాలిని 80 డిగ్రీలకు తెచ్చుటకు ఈ మార్గమున, సూటిగా వేడిచేయుటకు కావలసిన శక్తిలో సిద్ధాంతరీత్యా నూటికి మూడు పాళ్లు చాలునని ఆయన గణించెను. నాటి ఆవిరియంత్రములు బొగ్గు వేడిలో నూటికి పది పాళ్లయినను పనిగా మార్చజాలకుండెను. ఆ నష్టమంతయు తీసివేసినను, కాగితము మీద, పొయ్యిలో కాల్చు బొగ్గులో మూడవవంతుతో పని జరుగవలెను.

ఇంత లాభము కాగితము మీద కనబడుచుండగా లోకమేల ఊరకుండెను? నా కీ చరిత్రలో అన్నిటికంటె ఆలోచింపదగినదిగా తోచునది ఈ ప్రశ్నయే. బ్రిటనులో నాడు బొగ్గు కారుచౌక. కాలనిచ్చిన కాలును, పొగగొట్టమున పోనిచ్చిన పోవును, అడుగువాడు లేడు. యంత్రమో, ఇంటింట ఒక ఆవిరియంత్రమును దానికొక పనివానిని కోరునది. విద్యుత్తు మోటారు ఇంకను ఇండ్లలోనికి రాలేదు. బుద్ధి ముందుగా పుట్టినది, అవసరము పుట్టలేదు. థామ్సను సైతము ఈ దారిని వదలి సముద్రగర్భమున తంతితీగలు వేయు పనిలో మునిగిపోయెను.

అవసరము మొదట ఉప్పు కొఠారులలో పుట్టినది. ఆస్ట్రియా దేశమున ఎబెన్సే అను ఊర ఉప్పునీటిని మరిగించి ఉప్పు చేయుదురు. అందులకు కావలసిన ఇంధనము మెండు. పీటరు రిట్టింగరు అను ఇంజనీరు 1856, 57 సంవత్సరములలో అచ్చట ఒక యుక్తి పన్నెను. మరుగు బానినుండి ఆవిరి ఊరక పోనేల? దానిని నీటిచక్రపు బలముతో నొక్కి మఱింత వేడిచేసి, ఆ యావిరితోనే అదే బానిని మరిగించిన సరి. ఇంధనములో నూటికి ఎనుబది పాళ్లు మిగులునని ఆయన లెక్క. కాని ఉప్పు పెచ్చులుగట్టి గొట్టములపై పేరుకొనుటచే పని సాఫీగా సాగలేదు. ఐనను పనిలో పెట్టిన మొదటి హీటు పంపు ఇదియే యని చరిత్రకారులు చెప్పుదురు.

పిమ్మట డెబ్బది యేండ్లు గృహములకు సంబంధించి చెప్పదగినది లేదు. అంతలో విద్యుత్తు వచ్చినది. విద్యుత్తుతో పాటు ఒక వింత దుబారాయు వచ్చినది. బొగ్గు కాల్చి కరెంటు చేయు కేంద్రములో, కాలిన వేడిలో మూడవవంతో, అంతకు తక్కువయో కరెంటగును. తక్కినది పొగతోను నీటితోను పోవును. ఆ కరెంటును ఇంట తీగచుట్ట పొయ్యిలో పెట్టినచో ఒక యూనిటుకు ఒక యూనిటే వేడి. మూడు పుట్ల ధాన్యము దంచి ఒక పుట్టి తెచ్చుకొన్నట్లు. హాల్డేను అను బ్రిటిషు ఇంజనీరు స్కాట్లండులోని తన యింటనే హీటు పంపు నమర్చి పరీక్షించి, కరెంటుతో ఇల్లు వెచ్చబఱచుటకు ఇదియే పొదుపైన మార్గమని 1930లో ప్రకటించిన వ్యాసమున వాదించెను. విద్యుత్కేంద్రమున పోయిన రెండు పాళ్లను ఈ యంత్రము తిరిగి రాబట్టునన్న మాట.

దానిని పెద్దగా చేసి చూపినది స్విట్జర్లండు. ఆ దేశమున బొగ్గు గనులు లేవనవచ్చును. కొండలనుండి దూకు నీరును, ఆ నీటితో కరెంటును మాత్రము సమృద్ధి. జూరిచు నగరపు సభాభవనము లిమ్మాటు నదిమీదికి చొచ్చి కట్టబడినది. 1698లో పూర్తియైన కట్టడము. 1938లో దానికి హీటు పంపు అమర్చి, క్రింద పాఱు నదీజలమునుండియే వేడి తోడిరి. మఱు సంవత్సరమే యుద్ధము వచ్చి బొగ్గు దిగుమతి దుర్లభమాయెను. అపుడు ఆ నగరమువారు ఈ యంత్రమును ఈతకొలనుకును, మఱికొన్ని భవనములకును పెట్టిరి. సభాభవనపు యంత్రము 2001 వఱకు నడచెను. అఱువదిమూడేండ్లు! నేడు కొన్న ఫ్రిజ్ పదునైదేండ్లు నిలిచిన సంతోషింతుము.

ఇంగ్లండున నార్విచ్ పట్టణమునందు జాన్ సమ్నరు అను విద్యుదింజనీరు, యుద్ధకాలపు కఱవులో దొరకిన పాత భాగములు కూర్చి, వెన్సము నదినుండి వేడి తోడి తన కార్యాలయ భవనమును 1945లో వెచ్చబఱచెను. వెచ్చించిన కరెంటునకు మూడింతలు మీఱిన వేడి వచ్చుచున్నదని కొలిచి చూపెను. మెచ్చుకొన్నవారే గాని అనుసరించినవారు లేరు. యుద్ధము ముగిసినది, చమురు వెల్లువయై వచ్చినది. అమెరికాలో 1950 తరువాత ఇండ్లకు ఈ యంత్రములు అమ్మిరిగాని, తొలినాటివి తఱచు చెడిపోయి పేరు పోగొట్టుకొన్నవి.

1973 అక్టోబరులో అరబ్బు దేశములు కొన్ని దేశములకు చమురు నిలిపివేసెను. కొలది నెలలలో పీపా చమురు వెల సుమారు నాలుగింతలాయెను. స్వీడనులో నాడు ఇండ్లు వెచ్చబఱచుట అధికభాగము చమురు మీదనే. థామ్సను వ్యాసమునకు నూట యిరువదియొక్క యేండ్లకు అవసరము వచ్చి తలుపు తట్టినది. స్టాక్‌హోము నగరమువారు 1980 తరువాత సముద్రపు నీటినుండి వేడి తోడు మహాయంత్రములు కట్టి, గొట్టముల ద్వారా వేలాది యిండ్లకు వేడి పంపిరి. చలికాలమున ఆ నీరు సున్నకు రెండు మూడు డిగ్రీల పైన మాత్రమే యుండును. అదియే వారి బావి. పల్లెలలోనివారు నేలలో లోతుగా బోరు దించి, రాతి వేడిని తోడికొనిరి. మనము నీటికి బోరు వేయుదుము. వారు వేడికి వేయుదురు. నేడు నార్వేలో నూటికి సుమారు అఱువది కుటుంబముల యిండ్లలో ఈ యంత్ర మున్నది. ఇది వెచ్చని దేశములకే తగునను వాదమునకు, ఐరోపాలో మిక్కిలి చలిగల దేశములే దీనిని మిక్కిలిగా వాడుచుండుట ప్రత్యుత్తరము.

ఇక దీని పొదుపు నిజముగా నెంత? ఏతమును మరల తలచుకొనుడు. ఎత్తవలసిన ఎత్తే సర్వము. వెలుపల సున్న డిగ్రీలు, ఇంటి గొట్టములలో నీరు 35 డిగ్రీలు కావలెననుకొందము. అట్టడుగునుండి లెక్కించిన 35 డిగ్రీలనగా 308. దానిని ఎత్తవలసిన 35 చే భాగింపగా దాదాపు 8.8. కార్నో సూత్రము ప్రకారము ఒక యూనిటు కరెంటునకు ఇంతకు మించిన వేడి నిచ్చు యంత్రమును ఏ విశ్వకర్మయు చేయజాలడు. అదే నీరు 55 డిగ్రీలు కావలెనన్న, 328ని 55 చే భాగింపగా ఆఱునకు దిగును. మంచి యంత్రములు ఈ మేరలో ఇంచుమించు సగమును అందుకొనును. అనగా మొదటి యింట నాలుగింతలు, రెండవ యింట మూడింతలకు లోపు. కావున యంత్రముకంటె ఇల్లే ముఖ్యము. గోడలు, కిటికీలు వేడిని నిలుపగలిగి, వేడినిచ్చు పలకలు పెద్దవైనచో, గోరువెచ్చని నీరే చాలును. చిల్లుకుండలో ఎంత పోసినను ఏమి ఫలము?

జర్మనీలో పాత యిండ్లలో ఏడాది పొడవున కొలిచినపుడు, గాలినుండి తోడు యంత్రములు సగటున 3.1 ఇంతలును, నేలనుండి తోడునవి 4.1 ఇంతలును వేడి నిచ్చినవి. నేల శీతకాలమునను గాలియంత చల్లబడదు గదా. బ్రిటను ప్రభుత్వము ఇటీవల 742 ఇండ్లలో పెట్టించి చూపించిన పరీక్షలో, గాలి యంత్రముల నడిమి లెక్క సుమారు 2.8. అమ్మకపు పత్రములలో కనబడు నాలుగును అయిదును ఇండ్లలో అందఱకు రావు. చెమ్మగల చలిలో వెలుపలి పెట్టెపై మంచు పేరుకొనును. దానిని కరగించుటకు యంత్రము అపుడపుడు తిరుగబడి పనిచేయవలెను. అమర్చువాడు తెలివి గలవాడు కానిచో సగము గుణము పోవును.

శక్తి పొదుపు వేఱు, సొమ్ము పొదుపు వేఱు. బ్రిటనులో ఇటీవలి సంవత్సరములలో ఒక యూనిటు కరెంటు వెల ఒక యూనిటు గ్యాసు వెలకు సుమారు నాలుగింతలై యున్నది. మూడింతల వేడి నిచ్చు యంత్రము కొన్న గృహస్థునకు మిగులునదేమి? శక్తి మిగిలినది, మూట మిగులలేదు. నార్వేలోను స్వీడనులోను కరెంటు చౌక. అచ్చట సామాన్యులే దీనిని కొనిరి. 2022లో ఉక్రెయిను యుద్ధముచే గ్యాసు ధర ఆకాశమంటగా, ఐరోపాలో ఆ యొక్క యేడు సుమారు ముప్పది లక్షల యంత్రములు అమ్ముడుపోయినవి. ధర దిగగానే అమ్మకములును దిగినవి. బొగ్గు చౌక నాడు థామ్సను మాటకు పట్టిన గతి చూచినవారికి ఇది వింత కాదు.

గొట్టములలో తిరుగు ద్రవమునకును ఒక చరిత్ర కలదు. అమ్మోనియాయు, సమ్నరు వాడిన గంధకపు వాయువును ఊపిరికి హానికరములు. 1930 ప్రాంతమున అమెరికాలో విషములేని కొత్త వాయువులు కల్పించి లోకమంతయు సంతోషించినది. అవియే ఆకాశమున ఓజోను పొరను తినివేయుచున్నవని తేలగా, 1987లో మాంట్రియలు ఒడంబడికచే వాటిని మాన్పనారంభించిరి. వాటి స్థానమున వచ్చినవి ఓజోనును తినవుగాని భూమిని వేడెక్కించును. వాటిని తగ్గించుటకు 2016లో కిగాలి నగరమున మఱియొక ఒడంబడిక. అందుచే ఇపుడు ప్రొపేను వంటివి వచ్చుచున్నవి. అది మంటనంటుకొనునది, అందుచే దానిని కొలదిగా నింపి, ఇంటి వెలుపలనే ఉంచుదురు.

మన తెలుగు నేలకు ఈ యంత్రము రాలేదని తలపకుడు. పేరు మార్చుకొని ఎపుడో వచ్చినది. విజయవాడలోను హైదరాబాదులోను గోడలకు వ్రేలాడుచున్న ఏ.సీ. పెట్టెలన్నియు ఇవియే, మన కవి గదిలోని వేడిని తోడి వీధిలో పోయును. ద్రవము నడకను త్రిప్పు కవాట మొకటి చేర్చినచో అదే పెట్టె శీతకాలమున గదిని వెచ్చబఱచును. ఉత్తర హిందూస్థానమున అట్టివి అమ్ముచున్నారు. కార్నో లెక్కయు ఇచ్చటను అదియే. వెలుపల 42 డిగ్రీలుండగా గదిని 26 వద్ద నిలుపుటకు ఎత్తు పదునాఱు. 18 వద్ద నిలుపుటకు ఇరువదినాలుగు. మీ పట్టణములోని కుమారుడో అల్లుడో క్రొత్త ఏ.సీ. కొన్నచో, దానిపై నక్షత్రములతో అంటించిన ప్రభుత్వపు కాగితమును చదువుడు. నక్షత్రములతో పాటు ఐ.ఎస్.ఇ.ఇ.ఆర్. అను అక్షరముల ప్రక్క ఒక అంకె యుండును. ఒక యూనిటు కరెంటునకు వేసవి పొడవున సగటున ఎన్ని యూనిట్ల వేడి గదినుండి తోడబడునో ఆ యంకె చెప్పును.